కార్డు ఏ రాష్ట్రానిది?

పర్లాకిమిడి నుంచి శ్రీకాకుళం వైపు వెళ్లే తొలి బస్సుల్లో రోగుల్ని గుర్తుపట్టడం కష్టం కాదు. ఒళ్లో ఒక ప్లాస్టిక్ సంచి ఉంటుంది. అందులో మడతలు పడిన స్కాన్ ఫిల్ము, రక్తపరీక్షల చీటీలు, రెండు మూడు ఆధార్ నకళ్లు, ఒడియాలో అచ్చయిన రేషన్ కార్డు. తోడు వచ్చిన మనిషి ఆ సంచిని మాటిమాటికీ తడిమి చూసుకుంటూ ఉంటాడు. వాళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగు. పెళ్లి సంబంధాలు ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం, టెక్కలి వైపు. ఓటు మాత్రం ఒడిశాలోని గజపతి జిల్లాలో. శ్రీకాకుళంలోనో విశాఖపట్నంలోనో ఆసుపత్రి కౌంటరు ముందు నిలబడ్డాక, నొప్పి ఎక్కడ, ఎన్నాళ్లుగా అన్న ప్రశ్నల కన్నా ముందే ఇంకో ప్రశ్న ఎదురవుతుంది. కార్డు ఏ రాష్ట్రానిది?

వైద్యం ప్రతి మనిషి హక్కు అని ఇవాళ దాదాపు అన్ని పార్టీలూ అంటున్నాయి. ఆ మాటకు విలువ ఎంతో ఎన్నికల సభలో తేలదు, ఈ కౌంటరు దగ్గర తేలుతుంది. హక్కు అయితే అది మనిషి వెంట నడవాలి. పథకం అయితే కార్డు చెల్లే హద్దు దగ్గర ఆగిపోతుంది. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లోనూ, మహారాష్ట్ర కొసన ఉన్న సిరొంచలోనూ బతుకుతున్న తెలుగు కుటుంబాలకు ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు వస్తే చాలు, తెలిసిపోతుంది.

వీళ్లు సొంత రాష్ట్రంలోని ఆసుపత్రికే ఎందుకు వెళ్లరు అని అడిగేవారు మ్యాపు చూడాలి. కోరాపుట్ నుంచి రాజధాని భువనేశ్వర్‌కు దాదాపు 500 కిలోమీటర్లు, విశాఖపట్నానికి అందులో సగం కూడా లేదు. మల్కన్‌గిరి దక్షిణ కొసన, శబరి, సీలేరు కలిసే చోట ఉన్న మోటు వాసులకు చింతూరు, భద్రాచలమే దగ్గర. పర్లాకిమిడి నుంచి బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాలకు వెళ్లాలంటే శ్రీకాకుళానికి దాదాపు రెట్టింపు దూరం. సిరొంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలికి 200 కిలోమీటర్లకు పైనే ఉంటుంది, గోదావరి వంతెన దాటితే ఎదురుగా తెలంగాణలోని కాళేశ్వరం. కోరాపుట్‌లో 2017లో వైద్య కళాశాల వచ్చాక కొంత మార్పు వచ్చిన మాట నిజం. అయినా కష్టంలో ఉన్న మనిషి దగ్గరి ఊరికీ, తన భాష అర్థమయ్యే డాక్టరు దగ్గరికీ వెళ్తాడు. అది సహజం. రాష్ట్రాల సరిహద్దులు గీసినవారు రోగుల దారులను లెక్కలోకి తీసుకోలేదు.

మాటల నుంచి మొదలుపెడదాం. ఉత్తరాంధ్రలో పెద్దవాళ్ల నోట ప్రభుత్వ ఆసుపత్రికి ధర్మాసుపత్రి అనే పేరు వినిపిస్తుంది. ఆ పేరులో మర్యాద ఉంది, కృతజ్ఞత ఉంది, హక్కు మాత్రం లేదు. ధర్మం చేసేవాడు చేస్తాడు, లేకపోతే మానేస్తాడు. మందు దొరకకపోతే, డాక్టరు రాకపోతే, నేల మీద పడుకోబెడితే ధర్మాసుపత్రిలో అడగడానికి నోరు రాదు. రాజుల కాలం, తెల్లదొరల కాలం గడిచినా ఆ పేరు పోకపోవడానికి కారణం జనం అజ్ఞానం అనుకోవడం తప్పు. వాళ్లకు అనుభవంలోకి వచ్చింది ఆ పేరుకు సరిపోయింది కాబట్టే ఆ పేరు నిలిచింది.

ఇప్పటి ప్రభుత్వాలు ధర్మం అనే మాట వాడవు. కానుక, భరోసా, వరం, సేవ అంటాయి. వైద్యం పొందిన మనిషిని లబ్ధిదారు అంటాయి. లబ్ధిదారు అంటే లాభం పొందినవాడు. ఇచ్చినవారు వేరే ఉన్నారని ఆ మాటలోనే ఉంది. ఆ ఇచ్చినవారి ఫొటో కార్డు మీద ఉంటుంది, పేరు పథకం మీద ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2007 ఏప్రిల్ 1న ప్రారంభించిన ఆరోగ్యశ్రీ పేరు ముందు రాజీవ్ ఉండేది. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో అది ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. మహారాష్ట్రలో 2012లో రాజీవ్ గాంధీ పేరుతో వచ్చిన జీవనదాయీ పథకం 2017లో మహాత్మా జ్యోతిబా ఫులే పేరుకు మారింది. ఒడిశాలో 2018లో బిజూ పట్నాయక్ పేరుతో వచ్చిన స్వాస్థ్య కల్యాణ్ యోజన, ప్రభుత్వం మారాక 2025లో గోపబంధు పేరుతో కొత్త రూపం దాల్చి కేంద్రం ఆయుష్మాన్ భారత్‌తో కలిసింది. పేర్లలో మహనీయులూ ఉన్నారు. వారి మీద గౌరవం లేక చెప్పడం కాదు. పేరు మారినప్పుడల్లా కార్డు మారుతుందా, పాతది చెల్లుతుందా, మళ్లీ వేలిముద్ర వేయాలా అన్న బెంగ సరిహద్దు పల్లెల్లో పట్టుకుంటుంది. ఓటు హక్కును ఏ నాయకుడి పేరుతోనూ పిలవం. అందుకే ప్రభుత్వం మారినా దాని పేరు మారదు.

పేరు తర్వాతి స్థానం అంకెది. ఆరోగ్యశ్రీ మొదట్లో కుటుంబానికి ఏడాదికి రూ.2 లక్షల వరకు ఉచిత వైద్యం. కేంద్రం ఆయుష్మాన్ భారత్ రూ.5 లక్షలు అంది. ఒడిశా ప్రభుత్వం రూ.5 లక్షలతో పాటు మహిళలకు రూ.10 లక్షల వరకు అని చాటింది. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితి రూ.10 లక్షలకు పెరిగింది, అదే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో రూ.25 లక్షలయింది. పోటీ పెరిగితే ప్రజలకు మేలే కదా అనవచ్చు. కొంత మేలే. గుండె ఆపరేషన్లు, క్యాన్సర్ చికిత్సలు అప్పు చేయకుండా జరిగిన కుటుంబాలు రెండు తెలుగు రాష్ట్రాల్లో లెక్కకు మించి ఉన్నాయి. కానీ ఆ అంకె ఆసుపత్రిలో చేరాక మొదలవుతుంది. జ్వరం, రక్తహీనత, మధుమేహం, రక్తపోటు, నెలనెలా కొనే మాత్రలు దాని కిందికి రావు. మన దేశంలో ఇళ్ల నుంచి వైద్యానికి పోయే డబ్బులో ఎక్కువ భాగం ఇలాంటి బయటి వైద్యానికీ, మందులకే పోతుంది. దేశం మొత్తం వైద్య ఖర్చులో జనం జేబులోంచి నేరుగా పెట్టే వాటా 2013–14లో 64.2 శాతం ఉండేది, ప్రభుత్వ లెక్కల ప్రకారం 2021–22కి 39.4 శాతానికి తగ్గింది. తగ్గడం మంచిదే. అయినా ఆ మిగిలిన వాటాకు ఏ హోర్డింగు మీదా చోటు దొరకదు.

ఇక్కడ ఆగి చూడవలసిన విషయం ఒకటుంది. ఒడిశా బిజూ స్వాస్థ్య కల్యాణ్ యోజనలో రెండు భాగాలు ఉండేవి. ఒకటి, కార్డున్న కుటుంబాలకు ప్రైవేటు ఆసుపత్రుల్లో లక్షల రూపాయల వైద్యం. రెండోది, ఉపకేంద్రం నుంచి జిల్లా ఆసుపత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రులన్నింటిలో అందరికీ ఉచిత వైద్యం. ఆ అందరూ ఎవరో పథకం పత్రాల్లోనే స్పష్టంగా ఉంది: ఆదాయంతో, హోదాతో, నివాసంతో నిమిత్తం లేకుండా ప్రతి రోగీ. నివాసంతో నిమిత్తం లేకుండా అన్న ఆ ఒక్క మాట సరిహద్దు మనిషికి బంగారం లాంటిది. పాతపట్నం మనిషికి పర్లాకిమిడి ఆసుపత్రిలో పథకం కార్డు అక్కర్లేకపోయేది, రేషన్ కార్డు ఏ రాష్ట్రానిదో చూపవలసిన పని ఉండేది కాదు. ఆ పథకంలో హక్కుకు నిజంగా దగ్గరగా వచ్చిన భాగం ఇదే. దానికి జరిగిన ప్రచారం మాత్రం అతి తక్కువ. 2021లో స్మార్ట్ కార్డుల పంపిణీ మొదలయ్యాక ప్రచారమంతా కార్డు చుట్టూనే తిరిగింది. 2024 ఎన్నికల్లో రాష్ట్రం ఆయుష్మాన్ భారత్‌లో ఎందుకు చేరలేదని బీజేపీ నిలదీసింది, అప్పటి అధికార పార్టీ బీజేడీ తన పథకమే మెరుగని బదులిచ్చింది. వాదనంతా ఎవరి కార్డు పెద్దది, ఎన్ని కుటుంబాలకు అన్న దాని మీద సాగింది. కార్డు లేకుండానే అందే వైద్యం గురించి మాట్లాడవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

కారణం ఊహించడం కష్టం కాదు. కార్డు చేతికి ఇవ్వవచ్చు, ఇచ్చేటప్పుడు ఫొటో తీయించుకోవచ్చు, ఎన్ని ఇచ్చామో లెక్క చెప్పవచ్చు. అందరికీ తెరిచి ఉన్న తలుపును ఎవరి చేతికీ ఇవ్వలేం. దానికి దాత ఉండడు. పైగా ఆ తలుపులోంచి పక్క రాష్ట్రం ఓటరు కూడా లోపలికి వస్తాడు, అతని ఓటు మనకు పడదు. ఆరోగ్యాన్ని హక్కుగా చెప్పే రాజకీయ భాష సరిహద్దుకు వచ్చేసరికి చతికిలపడడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం. వైద్యం ఒక రాష్ట్రంలో జరుగుతుంది, ఓటు ఇంకో రాష్ట్రంలో పడుతుంది. చేసిన మేలు ఎవరి ఖాతాలోనూ జమ కాదు. జమ కానిదాన్ని ఏ పార్టీ ప్రచారకుడూ పోస్టరుకు ఎక్కించడు.

2018లో రెండు నెలల వ్యవధిలో మూడు సంఘటనలు జరిగాయి. జులై 26న మల్కన్‌గిరి జిల్లాలో బలిమెల జలాశయం మీద 910 మీటర్ల గురుప్రియ వంతెన ప్రారంభమైంది. ఆగస్టు 15న బిజూ స్వాస్థ్య కల్యాణ్ యోజన వచ్చింది. సెప్టెంబరు 23న రాంచీలో ఆయుష్మాన్ భారత్ ప్రారంభమైంది. జలాశయం చుట్టుముట్టడంతో దశాబ్దాలపాటు బయటి ప్రపంచానికి దూరంగా, కటాఫ్ ఏరియా అనే పేరుతో మిగిలిపోయిన 151 గ్రామాలకు అంతవరకు పడవే దిక్కు. నొప్పులు పడుతున్న గర్భిణిని పడవ వచ్చేదాకా గట్టున కూర్చోబెట్టవలసిన చోట, రెండు పథకాల లక్షల్లో ఒక్క రూపాయి కూడా ఆమె దాకా చేరదు. వంతెన చేరుతుంది. వంతెనను ఎవరూ ఆరోగ్య పథకం అనలేదు. కానీ ఆరోగ్య హక్కు గురించి మాట్లాడేవారు ముందు లెక్కపెట్టవలసినది దాన్నే. రోడ్డు, వంతెన, బండి, పురుడు పోయగల నర్సు, కరెంటున్న ప్రసూతి గది, ఇవి లేనిచోట బీమా కార్డుకు విలువ లేదు.

ఇక చట్టం. ఆరోగ్య హక్కు అనే మాట మన రాజ్యాంగంలో నేరుగా లేదు. 47వ అధికరణం ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం కర్తవ్యమని చెబుతుంది గానీ ఆదేశిక సూత్రాల్లో ఉండడం వల్ల దాని ఆధారంగా కోర్టుకెక్కలేం. ఏడో షెడ్యూలులో ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. అంటే హక్కు ఉన్నా దాని బాధ్యత రాష్ట్రం గీత దగ్గర ఆగుతుంది. ఈ ఖాళీని సుప్రీంకోర్టు కొంత పూడ్చింది. 1989లో పరమానంద్ కటారా కేసులో, ప్రాణాపాయంలో ఉన్న మనిషికి చికిత్స చేయడం ప్రతి వైద్యుడి విధి అంది. 1996 నాటి పశ్చిమ్ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసు ఇంకా ముఖ్యం. రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కార్మికుణ్ని కలకత్తాలో ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి పడకలు లేవని తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో సొంత డబ్బుతో వైద్యం చేయించుకోవలసి వచ్చింది. సకాలంలో చికిత్స అందించకపోవడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును ఉల్లంఘించడమేనని కోర్టు తీర్పు ఇచ్చింది, రూ.25 వేల పరిహారం ఇప్పించింది. డబ్బు లేదన్న సాకుతో ప్రభుత్వం ఈ బాధ్యత నుంచి తప్పుకోలేదని కూడా చెప్పింది. ఆ తీర్పు రాష్ట్రం కార్డు గురించి అడగలేదు. మనిషి ప్రాణం గురించి అడిగింది.

సరిహద్దు ప్రశ్న కూడా ఒకసారి నేరుగా కోర్టు ముందుకు వచ్చింది. 2021 మే నెలలో, కరోనా రెండో ఉద్ధృతిలో, ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాదుకు వస్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దులో ఆపారు. ఆసుపత్రిలో పడక ముందే ఖరారై ఉండాలని ప్రభుత్వం షరతు పెట్టింది. హైకోర్టు ఆ షరతు అమలును నిలిపివేసింది. ఆక్సిజన్ సిలిండరుతో అంబులెన్సులో ఉన్న మనిషికి రాష్ట్రం గీత అడ్డు పడిన ఆ రోజులు గుర్తున్న వారికి, ఆరోగ్యం రాష్ట్రాల విషయం అన్న మాటకు అర్థం ఏమిటో బాగా తెలుసు.

ప్రభుత్వ విధానాలు మాత్రం ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కు వేశాయి. డబ్బు చెల్లించలేకపోయినంత మాత్రాన ఎవరికీ తగిన వైద్యం అందకుండా పోకూడదని 1946లోనే, దేశ ఆరోగ్య వ్యవస్థపై నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ చెప్పింది. 1948 నాటి మానవ హక్కుల సార్వత్రిక ప్రకటనలో 25వ అధికరణం వైద్యాన్ని మనిషికి దక్కవలసిన వాటిలో చేర్చింది. 2015 జాతీయ ఆరోగ్య విధానం ముసాయిదా ఆరోగ్య హక్కు చట్టం తేవాలని ప్రతిపాదించింది. 2017లో ఖరారైన విధానంలో ఆ ప్రతిపాదన లేదు. కావలసినంత మంది వైద్యులు, ఆసుపత్రులు లేకుండా హక్కు ప్రకటిస్తే ఎలా అన్న వాదన నెగ్గింది, హక్కు స్థానంలో క్రమంగా అందించే హామీ వచ్చింది. ఆ వాదనలో నిజాయితీ లేదనలేం. కానీ చదువు విషయంలో బడులన్నీ కట్టాక హక్కు ప్రకటించలేదు. హక్కు ప్రకటించాకే బడులు కట్టవలసిన ఒత్తిడి పెరిగింది.

రాజస్థాన్ 2023 మార్చిలో ఆరోగ్య హక్కు చట్టం చేసిన తొలి రాష్ట్రమైంది. అత్యవసర చికిత్సకు ముందుగా డబ్బు అడగకూడదన్నది దాని ప్రాణం. ప్రైవేటు వైద్యులు రోడ్డెక్కారు. చేసిన వైద్యానికి డబ్బు ఎవరు, ఎప్పుడు ఇస్తారన్నది వారి ప్రశ్న. ఏప్రిల్ మొదటి వారంలో రాజీ కుదిరేసరికి 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రులు చట్టం పరిధి నుంచి బయటికి వెళ్లాయి. ఇందులో గమనించవలసిన సంగతి ఇంకొకటుంది. ఆ చట్టం హక్కుదారులుగా గుర్తించింది రాష్ట్ర నివాసులనే. మానవ హక్కు అనే పెద్ద మాట చట్టంలోకి దిగేసరికి మానవుడి స్థానంలో నివాసి వచ్చి కూర్చున్నాడు.

డబ్బు ఎవరిస్తారు అన్న ప్రశ్న దాటవేస్తే ఏమవుతుందో అమెరికాలోని వెర్మాంట్ చూపించింది. అక్కడ వైద్యం మానవ హక్కు అన్న నినాదంతోనే కార్మిక సంఘం ఒకటి 2008 నుంచి ఇల్లిల్లూ తిరిగింది. 2011లో రాష్ట్రం అందరికీ ఒకే వైద్య వ్యవస్థ కోసం చట్టం చేసింది. 2014 డిసెంబరులో గవర్నరు పీటర్ షమ్లిన్ దాన్ని పక్కన పెట్టారు, కావలసిన పన్నుల భారం చూసి. నినాదం మనసులను గెలిచింది, లెక్క దగ్గర ఓడింది. మన దగ్గర ఆ లెక్క మాట ఇంకో రూపంలో వినిపిస్తుంది. 2022లో ఉచితాల మీద దేశమంతటా చర్చ రేగినప్పుడు వైద్యాన్ని కూడా ఆ గంపలో పడేసిన వారున్నారు. సుప్రీంకోర్టు విచారణలో వైద్యం, తాగునీరు, చదువు లాంటివి ఉచితాల కిందికి వస్తాయా అన్న ప్రశ్న ధర్మాసనం నుంచే వచ్చింది. ఆ ప్రశ్న రావడానికి చోటిచ్చింది పార్టీల భాషే. పదిహేనేళ్లుగా మేము ఇచ్చాం, మేము ఇచ్చాం అని చెబుతూ వచ్చారు. ఇచ్చినది అయితే అది ఉచితమే అవుతుంది. పన్ను కట్టిన జనానికి దక్కవలసినది అని మొదటి నుంచీ చెప్పి ఉంటే ఆ గంపలోకి వెళ్లేది కాదు.

సరిహద్దులో ఈ భాష ఎంత దూరం పోతుందో కొఠియా చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని సాలూరు మండలానికీ, ఒడిశాలోని పొట్టంగి బ్లాకుకూ మధ్య కొండల మీద ఉన్న ఈ గ్రామాలు మావంటే మావని రెండు రాష్ట్రాలు దశాబ్దాలుగా వాదిస్తున్నాయి. 1968లో సుప్రీంకోర్టుకు వెళ్లిన వివాదం 2006లో యథాతథ స్థితి దగ్గర ఆగింది. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా కోర్టు ధిక్కారం అంటూ వెళ్లింది. అక్కడి గిరిజన కుటుంబాల్లో చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉన్నాయి. రెండు ప్రభుత్వాలూ రోడ్లు వేస్తాయి, పింఛన్లు ఇస్తాయి, శిబిరాలు పెడతాయి. మిగతా సరిహద్దంతా ఏ రాష్ట్రమూ తమవారనని రోగులు ఉంటే, ఇక్కడ రెండు రాష్ట్రాలూ తమవారే అనే మనుషులు ఉన్నారు. నేల మీద పట్టు కావాలి కాబట్టి సేవ వచ్చింది. ఆ కొండ మీది మనుషులు మన దేశంలో మిగతా వారికన్నా ఎక్కువ హక్కున్నవారు కారు, పోటీ ఉన్న చోట పుట్టారంతే. వివాదం తేలిన మరునాడు వాళ్ల రెండు కార్డుల్లో ఒకటి చెల్లదు.

దీనికి పూర్తి భిన్నమైన పని అదే దక్షిణ ఒడిశా అడవుల్లో జరిగింది. మలేరియా ఆ కొండలకు శాపం. 2017లో రాష్ట్రం దమన్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. రోడ్డు లేని పల్లెలకు ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందూ తర్వాతా, ఆరోగ్య సిబ్బంది నడిచి వెళ్లి ఊరందరికీ రక్తపరీక్ష చేశారు. జ్వరం ఉందా లేదా అన్నది చూడలేదు. చంటిపిల్లలు, ముసలివాళ్లు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు, అందరి వేలి కొసనా ఒక చుక్క తీసి పట్టీ మీద వేశారు. పరీక్షలో బయటపడితే అక్కడే మందు. 2016లో ఒడిశాలో 4 లక్షలు దాటిన మలేరియా కేసులు 2019 నాటికి 40 వేల లోపుకు వచ్చాయి. దోమతెరలకూ ఇందులో పెద్ద పాత్ర ఉంది. దోమకు రేషన్ కార్డు తెలియదు కాబట్టి వైద్యులూ దాన్ని అడగలేదు. ఒక్కరిని వదిలేసినా ఊరందరికీ ముప్పే కాబట్టి ఇక్కడ అందరూ అనే మాటకు నిజంగా అందరూ అనే అర్థం. ఎవరి ఫొటో లేని ఈ కార్యక్రమం గురించి ఎన్నికల్లో ఎన్నిసార్లు విన్నాం?

భాష సంగతి ఇంకా మిగిలింది, అది చిన్నది కాదు. మరాఠీలో హక్క అంటారు, తెలుగులో హక్కు. సిరొంచలో ఏ మరాఠీ నాయకుడు ఆరోగ్య హక్కు గురించి మాట్లాడినా తెలుగు చెవికి తిన్నగా చేరుతుంది. అక్కడ ఆసుపత్రిని కూడా ఇటూ అటూ దవాఖానా అనే అంటారు. ఒడిశాలో అలా కాదు. ఒడియాలో హక్కుకు అధికార అనే మాట. తెలుగులో అధికారం అంటే పెత్తనం, పదవి. స్వాస్థ్య అధికార అని గోడ మీద రాస్తే చదవగలిగిన తెలుగువాడికి తట్టేది ఆరోగ్య శాఖ అధికారి. హక్కు అన్న భావమే తలకిందులై, తన చేతిలో ఉన్నది అవతలివాడి చేతిలోకి పోతుంది. అదే ఒడియాలో లబ్ధిదారుకు హితాధికారి అనే మాట ఉంది. మేలుకు హక్కున్నవాడు అన్న అర్థం అందులో దాగి ఉంది, మన లబ్ధిదారు కన్నా ఎంతో గౌరవమైన మాట. పొరుగు భాష నుంచి ఈ ఒక్కటి తెచ్చుకున్నా తెలుగు ఆరోగ్య రాజకీయం బాగుపడుతుంది.

మాట చేరకపోతే ప్రాణాలే పోతాయనడానికి మల్కన్‌గిరిలో 2016 చివరి నెలలు సాక్ష్యం. మెదడువాపు లక్షణాలతో సుమారు వంద మంది పిల్లలు చనిపోయారు, ఎక్కువమంది గిరిజన కుటుంబాల వాళ్లే. మొదట దోమల వల్ల వచ్చే జపానీస్ ఎన్‌సెఫలైటిస్ అన్నారు. తర్వాత నిపుణులు పొలం గట్ల మీద పెరిగే కసింద గింజల విషాన్ని వేలెత్తి చూపారు. ఆ గింజలు తినవద్దన్న హెచ్చరిక కోయ తల్లికి తన భాషలో, తను ఆ మొక్కను పిలిచే పేరుతో చేరకపోతే అది చెప్పినట్టు కాదు. వ్యవహార భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి బతికింది, బోధించింది, సవర భాష నేర్చి నిఘంటువు కట్టింది పర్లాకిమిడిలోనే. జనానికి చెప్పేది జనం భాషలో ఉండాలన్న పాఠాన్ని ఆయన ఆ ఊళ్లోనే నేర్పారు. ఆసుపత్రి గోడ మీదికి ఆ పాఠం ఇంకా రావలసి ఉంది.

2025 ఏప్రిల్‌లో ఒడిశా ఆయుష్మాన్ భారత్ అమలు మొదలుపెట్టాక నియమాల ప్రకారం పరిస్థితి కొంత మారింది. ఆ కార్డు దేశంలో ఎక్కడైనా జాబితాలో ఉన్న ఆసుపత్రిలో చెల్లాలి. పర్లాకిమిడి రోగి విశాఖపట్నంలో చేరితే బిల్లు ఒడిశా ఆరోగ్య సంస్థకు వెళ్లాలి. అంతకుముందు కూడా బిజూ కార్డు కింద రాష్ట్రం బయట కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు ఉండేవి, కానీ ఏ ఆసుపత్రి ఉంది, ఏది లేదు అన్నది రోగి ముందే కనుక్కోవలసి వచ్చేది. ఇప్పుడు చిక్కు వేరే చోట ఉంది. పక్క రాష్ట్రం నుంచి డబ్బు రావడం ఆలస్యమైతే ఆసుపత్రి మొదట వెనక్కు తగ్గేది బయటి రాష్ట్రం రోగి విషయంలోనే. కౌంటరులో కూర్చున్న ఆరోగ్యమిత్రకు ఒడియా పేర్ల అక్షరాలు ఆధార్‌లోని ఇంగ్లిషు అక్షరాలతో సరిపోకపోతే మనిషిని ఆపవలసి వస్తుంది. తెలుగు ఇంటిపేరును ఒడియాలో రాసి, దాన్ని మళ్లీ ఇంగ్లిషులోకి దించేటప్పుడు మూడు రకాలుగా మారిన కుటుంబాలు సరిహద్దులో కొల్లలు.

ఆరోగ్యం మానవ హక్కు అని ఈ జిల్లాల్లో ఓటు అడగడానికి వచ్చేవారిని అడగవలసినవి ఇవే. పక్క రాష్ట్రం ఆసుపత్రికి బకాయిలు ఎన్ని రోజుల్లో చెల్లిస్తారు? 108 వాహనం గీత దగ్గర రోగిని దింపకుండా దగ్గరి పెద్దాసుపత్రి దాకా వెళ్లేలా రెండు ప్రభుత్వాలు ఎప్పుడు ఒప్పందం చేసుకుంటాయి? పర్లాకిమిడి, గుణుపురం, కలిమెల, సిరొంచ ఆసుపత్రుల్లో తెలుగు, సవర, కోయ, గోండీ తెలిసిన మనిషిని సహాయ కేంద్రంలో కూర్చోబెడతారా? నివాసంతో నిమిత్తం లేకుండా అందరికీ ఉచితం అన్న మాటను కొత్త పథకంలోనూ ఉంచుతారా, ఉంచితే దాన్ని జనం చదవగలిగే భాషల్లో ప్రతి ఆరోగ్య కేంద్రం గుమ్మం మీద రాయిస్తారా? తిరుగు బస్సు శ్రీకాకుళంలో సాయంత్రం బయల్దేరుతుంది. ప్లాస్టిక్ సంచిలోకి ఇంకో నాలుగు కాగితాలు చేరి ఉంటాయి, వాటిలో ఒకటి సొంత డబ్బుతో కట్టిన రసీదు అయివుండవచ్చు. ఆ రసీదు మీది మొత్తాన్ని ఎవరు కట్టి ఉండవలసిందో చెప్పే పార్టీ కోసం ఆ జిల్లాల తెలుగువాళ్లు ఎదురుచూస్తున్నారు.